చిలికాలో పాత రాళ్ళు, పాత గుల్లలు వెతకాలంటే పడవ ఎక్కడ ఎక్కాలి? రంభా, బర్కుల్, సాతపడా పోలిక

చలికాలం మొదలయిందంటే బరంపురంలో ఉన్న మాకు ఫోన్లు మొదలవుతాయి. విశాఖ నుంచో, శ్రీకాకుళం నుంచో ఎవరో ఒక బంధువు అడుగుతారు: "పిల్లలకి శిలాజాలు చూడాలని ఉంది. చిలికాలో పడవెక్కి ద్వీపాలకి వెళ్తే దొరుకుతాయటగా? ఎక్కడ ఎక్కాలి?" ఫోన్‌లో రెండు నిమిషాల్లో చెప్పగలిగే జవాబు కాదిది. చిలికా 60 కిలోమీటర్లకు పైగా పొడవున్న సరస్సు, ఒడిశాలో గంజాం, ఖుర్దా, పూరీ మూడు జిల్లాల్లో పరుచుకుని ఉంది. ఒక రేవులో పడవెక్కినవాళ్ళు చూసేదానికి, ఇంకో రేవులో ఎక్కినవాళ్ళు చూసేదానికి పోలికే ఉండదు. తప్పు రేవుకి వెళ్తే రోజంతా పడవలో కూర్చుని ఒక్క రాయి కూడా ముట్టుకోకుండా తిరిగొస్తారు. మా ఇంట్లోవాళ్ళు అలాంటి చోటే మోసపోయారు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు పిల్లలకి ఒక విషయం చెప్పి తీసుకెళ్ళండి. చిలికా ద్వీపాల రాళ్ళలో శిలాజాలు ఉండవు. వెతికినా దొరకవు. రంభా దగ్గర నీళ్ళలోంచి లేచి కనిపించే ద్వీపాలు తూర్పు కనుమల కొండలే; చుట్టూ నీరు చేరి కొండ కొమ్ములు మాత్రం పైకి మిగిలాయి. అక్కడ ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైట్. మన ఏజెన్సీ కొండల్లోని ఖోండు గిరిజనుల పేరే ఆ రాయికి పెట్టారు. ఒకప్పుడు అది సముద్రం అడుగున పేరుకున్న బురద. సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందట భూమి లోతుల్లో 800 డిగ్రీలు దాటిన వేడికి ఉడికి, నలిగి, కొత్త రాయిగా మారింది. బురదలో ఏదైనా ప్రాణి గుర్తు ఉన్నా ఆ వేడిలో మిగిలేది కాదు. పైగా చేపలూ గుల్లలూ భూమ్మీద పుట్టకముందు కాలపు రాయి అది.

మరి వెతకడానికి ఏముంది? రెండున్నాయి. ఒకటి ఆ రాయే. విరిగిన ముఖం మీద ఎండ పడేలా పట్టుకుని చూస్తే దానిమ్మ గింజల్లాంటి ముదురు ఎర్రని మచ్చలు మెరుస్తాయి. అవి గార్నెట్లు. ఆ గింజలే అరిగి, వాగుల్లో కొట్టుకొచ్చి, ఛత్రపురం తీరంలో ఎర్ర చారలుగా, నల్ల ఇసుకతో కలిసి పడతాయి. మా వాళ్ళు చిన్నప్పటి నుంచి గోపాల్‌పూర్ ఒడ్డున ఆ ఇసుక మీద నడుస్తూనే ఉన్నారు. అది ఏ కొండ నుంచి వచ్చిందో ద్వీపం మీద రాయి చేత్తో పట్టుకున్నాకే తెలుస్తుంది.

రెండోది పాత గుల్లలు. చిలికా ఎప్పుడూ సరస్సు కాదు. దాదాపు ఇరవై వేల ఏళ్ళ కిందట మంచుయుగం బాగా ముదిరినప్పుడు సముద్రం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి ఉండేది, తీరం ఎక్కడో దూరంగా ఉండేది. మంచు కరిగి సముద్రం పైకొచ్చాక ఇక్కడ ఒక అఖాతం ఏర్పడింది. తర్వాత కొన్ని వేల ఏళ్ళలో కెరటాలు, ఒడ్డు వెంట కదిలే ఇసుక కలిసి దాని ముందు 60 కిలోమీటర్ల ఇసుక గట్టు కట్టాయి. అప్పుడు అఖాతం సరస్సయింది. ఉప్పదనం మారింది, కొన్ని జాతుల గుల్లలు పోయాయి, వాటి పెంకులు మట్టిలో మిగిలాయి. నైరుతి ఒడ్డున ఇప్పటి నీటి మట్టానికి బాగా ఎత్తున ఇలాంటి గుల్లల పొర ఉందని 19వ శతాబ్దంలోనే భూగర్భ సర్వే వాళ్ళు రాశారు. ఇవి ఇంకా పూర్తిగా శిలాజాలు కాలేదు, ఆ దారిలో ఉన్నాయి. కానీ పిల్లాడి చేతిలో పెట్టి "ఇది బతికున్నప్పుడు ఇక్కడ సముద్రం ఉండేది" అని చెప్పడానికి ఇంతకంటే మంచి వస్తువు మన చుట్టుపక్కల లేదు.

ఈ రెండింటికీ సరైన రేవు రంభా. నా సలహా ఇదే, కారణాలు చెప్తాను.

రంభా గంజాం జిల్లాలోనే ఉంది. బరంపురం నుంచి జాతీయ రహదారి మీద యాభై కిలోమీటర్లు అటూ ఇటూ. హౌరా–చెన్నై లైన్లో రంభాకి స్టేషన్ ఉంది గానీ పెద్ద రైళ్ళు చాలావరకు ఆగవు. ఆంధ్ర నుంచి వచ్చేవాళ్ళు బరంపురంలో దిగి బస్సో కారో పట్టుకోవడం తేలిక. ఇక్కడ సరస్సు దక్షిణ భాగం మిగతా చోట్ల కంటే లోతు, నీరు తేట. ఉత్తరం వైపు బురద, తుంగ ఎక్కువ. ఇక్కడ ఒడ్డు దగ్గర అడుగున నాచు కూడా కనిపిస్తుంది. అన్నింటికంటే ముఖ్యం, ద్వీపాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. బొడొకుడ ఉంది, దాన్నే టూరిస్టులు హనీమూన్ ఐలాండ్ అంటారు. సానకుడ బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్. దాని మీద ఖల్లికోట రాజాల బంగళా శిథిలం ఉంది. ఘంటశిల కొండ పక్కన నీళ్ళలో ఉన్న బండ మీద శంకువులాంటి స్తంభం కనిపిస్తుంది, 1790లలో గంజాంలో ఉన్న స్నాడ్‌గ్రాస్ అనే కంపెనీ అధికారి కట్టించినది. పక్షుల ద్వీపం బండలు రెట్టలతో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి. సగం పూటలో వీటిలో రెండు మూడింటి మీద కాలు పెట్టొచ్చు. మిగతా రేవుల్లో ఎక్కువ సేపు పడవలోనే గడుస్తుంది. ఇక్కడ దిగి నడుస్తాం. రాళ్ళు చూడాలనుకునేవాళ్ళకి కావలసింది అదే.

రంభాలో రెండు రకాల పడవలు. ఒడిశా టూరిజం వాళ్ళ పంథనివాస్ రేవు నుంచి వెళ్ళేవి ఒకటి, ఊరివాళ్ళ మోటారు పడవలు రెండోది. పెద్దవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, ఆరుగురి కంటే ఎక్కువ మంది ఉంటే మొదటిదే ఎక్కండి. రసీదు ఉంటుంది, లైఫ్‌జాకెట్ అడగకుండానే ఇస్తారు, రేవులో మెట్లు బాగుంటాయి. కానీ వాటికి లెక్క ప్రకారం తిరిగే దారి ఉంటుంది. "ఈ బండ దగ్గర ఇంకో పది నిమిషాలు ఆపండి" అంటే కుదరకపోవచ్చు. నలుగురే ఉంటే, పిల్లలకి నిజంగా ఆసక్తి ఉంటే చిన్న పడవే మాట్లాడుకోవాలి.

చిన్న పడవ మాట్లాడేటప్పుడు ఎన్ని గంటలని అడక్కండి, ఏయే ద్వీపం మీద దించుతారో, ఒక్కోచోట ఎంతసేపు ఆగుతారో అడగండి. బేరం దాని మీదే తేలాలి. గంటల లెక్కన తీసుకుంటే పడవవాడు చుట్టూ తిప్పి గంట నింపుతాడు, దింపడు. రేవులో ఒడియా రాదని బెంగపడక్కర్లేదు. గంజాం తీరంలో తెలుగు మాట్లాడే నోళియా జాలర్ల కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. 1936 ఏప్రిల్ దాకా ఈ జిల్లా మద్రాసులోనే ఉండేది కదా. తెలుగొచ్చే పడవవాడు ఉన్నాడా అని ఒకసారి అడిగి చూడండి. మేం క్రితంసారి ఎక్కిన పడవ నడిపిన పెద్దాయన మా మేనల్లుణ్ణి చూసి, "ఏటి బాబూ, రాళ్ళేరడానికి వచ్చేవా? అయితే గాలి లేవకముందే ఎల్లిపోదాం, మజ్జానం నీకు బండ మీద దిగడం అవ్వదు" అన్నాడు. ఆ ఒక్క మాటలో రంభా ట్రిప్పు ప్లాన్ అంతా ఉంది.

గాలి సంగతి తేలిగ్గా తీసుకోకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున్నే చిలికా అద్దంలా ఉంటుంది. పదకొండు దాటాక సముద్రపు గాలి మొదలవుతుంది. మార్చి వచ్చిందంటే దక్షిణపు గాలి ఇంకా బలంగా కొడుతుంది. కొన్నేళ్ళ కిందట నేను, మా అన్నయ్య మధ్యాహ్నం రెండింటికి బయల్దేరాం. సరస్సు మధ్యలో ఇంజను ఆగిపోయింది. పడవలో లైఫ్‌జాకెట్లు ఉన్నాయి గానీ మనుషుల కంటే తక్కువ. గంటకు పైగా పడవ పక్కకి తిరిగి ఊగుతూనే ఉంది, ఇంకో జాలరి పడవ వచ్చి తాడు కట్టి లాగేదాకా. చిలికా చాలాచోట్ల లోతు రెండు మూడు మీటర్లే, నిజమే. కానీ ఈత రానివాళ్ళకి అది చాలు. అప్పటి నుంచి నేను జాకెట్లు లెక్కపెట్టాకే పడవలో కాలు పెడతాను. ఏడింటికి రేవులో ఉండేలా చూసుకోండి.

బొడొకుడ మీద దిగాక మట్టి తవ్వకండి, రాళ్ళు దొర్లించకండి. 1917లో జంతుశాస్త్రవేత్త అన్నండేల్ ఈ ద్వీపం మీదే కాళ్ళు లేని ఒక నలికీచు జాతిని గుర్తించి, ద్వీపం ఇంగ్లీషు పేరు బర్కుడ మీదుగా బర్కుడియా అని పేరు పెట్టాడు. వానపాములా మట్టిలో, చెట్ల వేళ్ళ దగ్గర బతుకుతుంది. చాలా అరుదు. మీరు సరదాకి దొర్లించిన రాయి దాని ఇల్లు కావచ్చు. బండల పక్కనే నడుస్తూ, నీటి గీత వెంట చూస్తే చాలు. అలల తడి తగిలే ఎత్తున తెల్లగా గరుకుగా అంటుకుని ఉండే పెంకులు కనిపిస్తాయి. ఎర్ర గార్నెట్ మచ్చల మీద తెల్ల పెంకులు అంటుకుని ఉన్న రాయి ఒకటి మావాడికి కనిపించింది. వంద కోట్ల ఏళ్ళ నాటి రాయి, నిన్న మొన్నటి ప్రాణి పక్కపక్కనే. వాడు దాని ముందు గొంతుక్కూర్చుని అరగంట లేవలేదు.

పాత గుల్లలు మాత్రం ద్వీపాల మీద కంటే పాలూరు వైపు బాగా కనిపిస్తాయి. రంభా నుంచి దక్షిణంగా, ఉప్పు మడులుండే హుమ్మా దాటి పాలూరు వెళ్ళాలి. గ్రీకు భూగోళవేత్త టాలెమీ పలూరా అని రాసిన పాత ఓడరేవు ఇదేనని చరిత్రకారులు చెప్తారు. అక్కడ చిలికాని రుషికుల్యా మొగతో కలిపే కాలువ ఉంది. కాలువలో తీసిన పూడిక మట్టి గట్టు మీద పడి ఉన్న చోట గుల్లలు బయటపడతాయి. కొత్త గుల్లకీ పాత గుల్లకీ తేడా పట్టుకోవడం పిల్లలకి అయిదు నిమిషాల్లో నేర్పొచ్చు. కొత్తదానికి పైన పల్చటి గోధుమ రంగు పొర ఉంటుంది, లోపల మెరుపు ఉంటుంది. పాతదానికి రంగు పోయి సుద్దముక్కలా ఉంటుంది, గోరుతో గీస్తే తెల్లటి పొడి రాలుతుంది. రెండు చిప్పలూ మూసుకుని, లోపల బూడిద రంగు బంకమట్టి గట్టిగా నిండిన గుల్ల దొరికితే బాగా చూడండి. కెరటాలు కొట్టుకొచ్చిన గుల్ల ఎప్పుడో విడిపోయి ఉండేది. ఇది బతికున్న చోటే, బురదలో కూరుకుని చచ్చిపోయింది. అంటే మీ పక్కనున్న ఆ కాలువ అడుగే దాని ఊరు.

మా అమ్మమ్మ కాలంలో ఇలాంటి గుల్లలే బట్టీలో కాల్చి గుల్ల సున్నం చేసేవాళ్ళు. మా పాత ఇంటి గోడ పెచ్చు ఊడినచోట ఇప్పటికీ గుల్ల ముక్కలు కనిపిస్తాయి.

ఇక బర్కుల్. బాలుగావ్ పక్కన, రహదారి మీదే ఉంటుంది. బాలుగావ్‌లో చాలా రైళ్ళు ఆగుతాయి. పెద్ద పడవలు, పెద్ద హోటల్, వారాంతంలో జనం. అక్కడి నుంచి ఎక్కువమంది కాళిజాయి అమ్మవారి ద్వీపానికి వెళ్తారు. మొక్కు ఉంటే బర్కుల్, వేరే ఆలోచన అక్కర్లేదు. రాళ్ళ కోసం అయితే ఒక్క కారణం ఉంది. బాలుగావ్ చుట్టూ అనార్థొసైట్ అనే లేత బూడిద రంగు రాయి ఉంది. చంద్రుడి మీద మనకి తెల్లగా కనిపించే ఎత్తైన భాగాలు ప్రధానంగా ఈ రకం రాయే. ఇది చూడటానికి పడవ కూడా అవసరం లేదు. రంభా నుంచి ఉత్తరంగా వెళ్తుంటే దారిలో దిగి చూడొచ్చు. దాన్ని ముట్టుకుని, ఆ రాత్రి డాబా మీద నిలబడి చందమామని చూపించండి.

నలబణ ద్వీపం పక్షుల అభయారణ్యం. దాని మీద దింపరు, దింపమని పడవవాళ్ళని బతిమాలకండి. సరస్సు ఉత్తరపు ఒడ్డున మంగళజోడి అనే ఊళ్ళో మోటారు లేని, గెడతో తోసే పడవలు; ఒకప్పుడు పక్షుల్ని వేటాడిన ఊరివాళ్ళే ఇప్పుడు కాపాడుతూ చూపిస్తారు. పక్షుల కోసమైతే నా ఓటు అక్కడికే. రాళ్ళకీ గుల్లలకీ మాత్రం కాదు.

సాతపడా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట అడిగేది దాని గురించే. పూరీ నుంచి యాభై కిలోమీటర్లు. అక్కడి పడవలు ఇరవాడి డాల్ఫిన్లని చూపించి, సముద్రపు మొగ దగ్గర ఇసుక గట్టు మీద దించుతాయి. 2000 సెప్టెంబరులో ఆ వైపు కొత్త మొగ తవ్వాకే చిలికాకి మళ్ళీ ఉప్పునీరు, చేపలు వచ్చాయి. సరస్సు ఎలా బతుకుతుందో కళ్ళారా చూడాలంటే అది చూడదగ్గ చోటు. జగన్నాథ దర్శనానికి ఎలాగూ పూరీ వెళ్తుంటే ఒక పూట కేటాయించండి. కానీ గట్టు మీద ఏరే గుల్లలు చాలావరకు ఈ మధ్య కెరటాలు వేసినవే, పొరలు ఏమీ ఉండవు. కాబట్టి పాతవేవో కొత్తవేవో చెప్పడం కష్టం.

మా వదిన మోసపోయింది ఆ గట్టు మీదే. ఒకతను బకెట్లో ఆల్చిప్పలు పెట్టుకుని కూర్చుని, మా ముందే ఒకటి రాయితో కొట్టి తెరిచాడు. లోపల తెల్లటి ముత్యం. రెండోది తెరిస్తే ఎర్ర రాయి, "పగడం" అన్నాడు. ఇంకొకతను నల్లటి గుండ్రాయి చూపించి, లక్షల ఏళ్ళ నాటి శిలాజమన్నాడు. వదిన ముత్యం కొంది. ఇంటికొచ్చి కడిగితే రెండు రోజుల్లో పూత లేచిపోయింది, లోపల గాజు పూస. ఎర్ర రాయి ఆల్చిప్పలో పుట్టడం అసలు జరగని పని. పగడం వేరే ప్రాణి కట్టేది. చిప్పని ముందే తెరిచి, పూస పెట్టి, మళ్ళీ మూసి ఉంచుతారు. పిల్లల ముందు అలా మోసపోయానని వదిన చాలా రోజులు బాధపడింది. అక్కడ ఎవరు ఏది తెరిచి చూపించినా కొనకండి. పిల్లలకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే వాళ్ళే కొనమని మారాం చేస్తారు.

గంజాం నుంచి సాతపడా వెళ్ళడానికి పూరీ చుట్టే తిరగనక్కర్లేదు. పాలూరు, మాలుద్, కృష్ణప్రసాద్ మీదుగా ఇసుక గట్టు ప్రాంతం వెంట జహ్నికుడా దాకా రోడ్డు ఉంది. అక్కడ బండితో సహా ఫెర్రీ ఎక్కి సాతపడాలో దిగొచ్చు. ఒక పక్క సరస్సు, ఒక పక్క సరుగుడు తోటలు. రెండు రోజులు చేతిలో ఉన్నవాళ్ళు మొదటి పొద్దున రంభా ద్వీపాలు, సాయంత్రం పాలూరు కాలువ గట్టు, రెండో రోజు ఈ దారిన సాతపడా చేసుకోండి. ఒక్క రోజే ఉంటే రంభా, పాలూరుతో ఆపేయండి. మూడింటినీ ఒక రోజులో కుక్కితే పిల్లలకి కారు మాత్రమే గుర్తుంటుంది.

రాతిలో అచ్చయిన నిజమైన శిలాజాలే కావాలంటే చిలికా కాదు, వేరే దారి పట్టాలి. ఒడిశాలోనే మయూర్‌భంజ్‌లో, బారిపదా దగ్గర బుఢాబలంగ్ నది ఒడ్డున మయోసీన్ అనే పాత భూగర్భ యుగపు సముద్రపు పొరలున్నాయి; సొరచేప పళ్ళు, ఆల్చిప్పల శిలాజాలు అక్కడి నుంచి వచ్చాయి. తాల్చేరు బొగ్గు పొరల్లో గ్లాసాప్టెరిస్ అనే అంతరించిన మొక్క ఆకుల అచ్చులు ప్రసిద్ధి. డైనోసార్ కావాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో కోటసారస్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది, ప్రాణహిత–గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు అవి. దాని కింద నిలబడి పైకి చూసే పిల్లల మొహాలు చూడాలి.

ఏరినవి ఇంటికి తెచ్చుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. నేను తేను. అటవీ భూమిలో రాయి కూడా చట్టం ప్రకారం అటవీ ఉత్పత్తే. కొన్ని శంఖాలు, గవ్వల జాతులకి 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది; ఏది ఆ జాబితాలోదో ఒడ్డున నిలబడి మనం చెప్పలేం. మేం స్కూలు స్కేలు ఒకటి తీసుకెళ్తాం. గుల్ల పక్కన స్కేలు పెట్టి ఫోటో తీస్తాం, అది పడి ఉన్న మట్టి రంగు, నీటికి ఎంత ఎత్తున ఉందో నోట్‌బుక్‌లో రాసుకుని, ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేస్తాం. ఇంకా ఒక చిన్న భూతద్దం, పట్టు జారని చెప్పులు, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. ద్వీపాల మీద కొట్లు ఉండవు. పులిహోర కట్టుకెళ్ళండి, ఆకులు మాత్రం పడవలోనే వెనక్కి తెచ్చుకోండి.

మావాడి నోట్‌బుక్‌లో ఇప్పటికి పదకొండు గుల్లల లెక్క ఉంది. ఏడో దాని పక్కన "రెండు చిప్పలూ మూసి ఉంది, లోపల మట్టి, కదపలేదు" అని రాసుకున్నాడు. ఈ సంక్రాంతి సెలవుల్లో దాన్ని మళ్ళీ చూడాలట, రేవుకి ఆరున్నరకే వెళ్దామంటున్నాడు.